వణికిన కొంగ

గట్టు మీద గాలి వీస్తుండగా దూరపు పక్షులను దగ్గరగా చూపే నా స్పాటింగ్ స్కోప్‌ను 60 రెట్ల వరకు పెంచాను. నీటి అంచున ఒంటికాలి మీద నిలబడిన కొంగ కదలకుండానే ఉంది గాని, నా కంటికి మాత్రం అది ఆగకుండా వణుకుతూ కనిపించింది.

ఎత్తు చాలదని ట్రైపాడ్ మధ్య కడ్డీని పూర్తిగా పైకి లాగి ఉంచాను. అలా లాగితే మూడు కాళ్ల నెత్తిన ఒక ఒంటి స్తంభాన్ని నిలబెట్టినట్టే అవుతుంది. స్కోప్ దృశ్యాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో, ఆ వణుకునూ అన్ని రెట్లు పెంచి చూపిస్తుంది. కడ్డీని దించి, దాని కింది కొక్కేనికి నా సంచిని నేలకు తాకీ తాకనట్టు వేలాడదీసి, మోకాళ్ల మీద కూర్చున్నాను. అప్పుడు కొంగ పసుపు కన్ను, దాని నడుమ నల్లటి చుక్క, స్పష్టంగా నిలిచాయి. ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను.

ఈ ట్రైపాడ్ కొన్న రోజున నేను చూసింది మడిచినప్పటి పొడవు ఒక్కటే. ఐదు మడతల కాళ్లు, అంటే ఒకదానిలోకి ఒకటి జారే ఐదు గొట్టాలున్నవి, సంచిలో చక్కగా ఇముడుతాయన్నది నిజమే, కాని మడతలు పెరిగేకొద్దీ అట్టడుగు గొట్టం సన్నబడుతుంది, గాలికి ముందుగా ఊగేది అదే. ఈసారి కడ్డీ ఎత్తకుండానే కంటి మట్టానికి వచ్చే మూడు మడతల కార్బన్ ఫైబర్ కాళ్లనే తీసుకుంటాను. అవి అల్యూమినియం కంటే తేలిక, కంపనాన్నీ త్వరగా అణచివేస్తాయి. సంచిలోంచి నాలుగు వేళ్ల మేర బయటికి పొడుచుకు వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

రేపు తెల్లవారుజామున మళ్లీ అదే గట్టుకు, ఈ పాత ట్రైపాడ్‌తోనే, కడ్డీ దించి వెళ్తున్నాను.