తొమ్మిది రోజులు ఒకే పాదం

వేదంలో శివుణ్ణి స్తుతించే మంత్రాలను రుద్రం అంటారు, అందులో మొదటి భాగం నమకం. నిన్న పొద్దున ఆ నమకం పదకొండు అనువాకాలూ (విభాగాలు) పుస్తకం చూడకుండా చెప్పాను. ఏడు నెలలు పట్టింది. సంతోషం చల్లారక ముందే రాస్తున్నా.

నాకు కర్నూలులో స్పేర్ పార్టుల కొట్టుంది. కిందటేడు బీపీ 160/100 వచ్చింది, రాత్రి రెండైనా నిద్ర పట్టేది కాదు. డాక్టరు మాత్ర రాసి, ఉప్పూ కోపమూ తగ్గించమన్నాడు. ఉప్పు తగ్గించాను.

మా బామ్మర్ది ఒక మంత్రచికిత్స సెంటరుకు తీసుకుపోయాడు. రూ.4,500 కట్టించుకుని, హెడ్‌ఫోన్లు తగిలించి పడుకోబెట్టారు. ఐదో రోజు "ఇక మాత్రలు ఆపేయండి సార్" అన్నారు. ఆపాను, నా బుద్ధి తక్కువ. వారానికల్లా కొట్లో కళ్లు తిరిగి కౌంటరు మీద పడ్డాను. డబ్బు వెనక్కి అడిగితే "మీకు నమ్మకం తక్కువ" అన్నారు. మాత్ర ఆపమని ఎవడన్నా చెబితే చెప్పులేసుకుని వచ్చేయండి.

మంత్రాలు వినడం కాదు, రుద్రం చెప్పడం నేర్చుకుందామనుకున్నా. ఇద్దరు గోత్రం అడిగి వెనక్కి పంపారు. వాళ్ల గురించి ఇంకో మాట రాయను. మూడో ఆయన పాతబస్తీలో గుడి పక్కనుండే అయ్యవారు, డెబ్బై దాటినాయన. "పొద్దున ఐదున్నరకు రా అప్పా" అన్నాడంతే. ఫీజు మాటే లేదు.

సంథ అంటే ఆయన ఒకసారి చెబుతాడు, మనం రెండుసార్లు చెప్పాలి. అక్షరం కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, గొంతు దించాలి. పైన నిలువుగీత ఉంటే స్వరితం, ఎత్తాలి. గీత లేకుంటే ఉన్నచోటే. ఇంతే కదా అనుకున్నా.

మొదటి పాదంలోనే 'మన్యవ' అని వస్తుంది. మ కింద గీత, వ పైన గీత. నేను మ దగ్గరే గొంతెత్తేవాణ్ణి. "ఇది నాటకం పద్యం కాదప్పా" అనేవాడు అయ్యవారు. మళ్లీ చెప్పు, మళ్లీ. తొమ్మిది రోజులు ఆ ఒక్క పాదమే! నా పక్కన ఆయన మనవడు కూర్చునేవాడు, తొమ్మిదేళ్లుంటాయి. నేను తప్పినప్పుడల్లా తల కిందికి వంచి చూపించేవాడు. ఆరో రోజు వాడు "తాతా, ఈ అంకుల్‌ను దూరంగా కూర్చోబెట్టు, ఈయన చెబుతుంటే నాకూ తప్పొస్తోంది" అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా వ్యాపారం చేస్తున్నా. మెకానిక్కులు నా ముందు గొంతెత్తరు. లేచి, ఏదో అరిచి, వచ్చేశాను. కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతుంటే చేయి వణికి టీ చొక్కా మీద ఒలికింది. ఇంట్లో ఆమె ఏమీ అనలేదు, చొక్కా నానబెట్టింది.

మరుసటి రోజు పోకుండా ఉండలేకపోయా. అయ్యవారు నిన్నటి ఊసే ఎత్తలేదు. "మన్యువంటే ఏందో తెలుసా? కోపం. రుద్రుడి కోపానికి ముందు దండం పెట్టి, ఆ తర్వాతనే బాణానికి పెడుతున్నాం. నువ్వు సరిగ్గా ఆ మాట దగ్గరే అరుస్తున్నావు" అన్నాడు. పిల్లోడు కిసుక్కున నవ్వాడు. నేను వాడి వెనక కూర్చున్నా. తొమ్మిదో రోజు గొంతు దిగింది.

ఆ తర్వాత కష్టమంతా ఊపిరిది. పాదం ఒక్క ఊపిరిలో అవ్వాలి, మధ్యలో ఎగపీల్చకూడదు. మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. 2001లో ఇటలీ డాక్టర్లు 23 మంది చేత జపమాల ప్రార్థన, 'ఓం మణి పద్మే హుం' చెప్పించి చూస్తే ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా నెమ్మదించిందని చెప్పింది. అది వేదం కాదులెండి, కానీ నాకు జరిగింది అలాంటిదే అనిపిస్తుంది.

బామ్మర్ది ఇప్పుడు, వేదపఠనాన్ని యునెస్కో 2003లో గుర్తించిందని వాట్సాప్‌లో పంపుతున్నాడు. నోటి నుంచి నోటికి నిలబెట్టిన సంప్రదాయానికయ్యా ఆ గుర్తింపు, నీ హెడ్‌ఫోన్లకు కాదు.

మాత్ర వేసుకుంటూనే ఉన్నా. మొన్న బీపీ 134/84. ఇందులో మాత్ర పాలెంతో, రుద్రం పాలెంతో, పొద్దున్నే పాతబస్తీ దాకా నడిచే నడక పాలెంతో విడదీసి చెప్పలేను. పదిన్నరకు నిద్ర మాత్రం పడుతోంది.

ఈ రోజు రుద్రంలో రెండో భాగం, చమకం మొదలుపెట్టాం. పిల్లోడు అప్పుడే నాలుగో అనువాకంలో ఉన్నాడు. నేను మొదటి పాదంలో.