మీకేం వచ్చు అని అడుగుతూ మా వీధంతా తిరిగాం

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్‌ మీద పడ్డాక మా వీధికి సాయం బాగానే వచ్చింది, కాదనను. కానీ వచ్చిన ప్రతివాళ్లూ మీకేం కావాలి అని అడిగి రాసుకుని వెళ్లడమే, ఆ కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు.

వరద తీశాక మా నీళ్ల మోటార్ బాగుచేసేవాడు దొరకలేదు, దొరికినవాడు చెప్పిన రేటుకి కొత్తదే వచ్చేస్తుంది. తీరా చూస్తే మూడిళ్ల అవతలుండే బాబాయ్‌గారు ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి వైండింగ్ పని చేసి మానేసిన మనిషట! రోజూ పలకరించుకుంటాం, ఈ సంగతి మాత్రం తెలీదు. ఆయన మోటార్ విప్పి బురదంతా మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, రాత్రికి పాత కూలర్ డబ్బాలో పెద్ద బల్బు వేలాడదీసి దాని వేడికి ఆరనిచ్చారు. "తడి పూర్తిగా పోకుండా స్విచ్ వేశావో, కాలిపోద్ది, మళ్లీ నా దగ్గరికి రాకు" అని కసిరారు కూడా.

అప్పుడే డ్వాక్రా గ్రూపు చూసుకునే పక్కింటి వదినా నేనూ వీధిలో ఎవరికేం వచ్చో రాసుకుందామని నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరాం. మీకేం వచ్చు అంటే అందరిదీ ఒకటే మాట, "మాకేం వచ్చండీ!" దాంతో వదిన రూటు మార్చి, వందమందికి వండగలరా, బీపీ చూడటం వచ్చా, నిచ్చెన ఉందా అని విడివిడిగా అడగడం మొదలెట్టింది. ఏమీ రాదన్న ఒకావిడ ఆస్పత్రిలో ఆయాగా చేసిందట, మంచాన పడ్డవాళ్లకి పుండ్లు పడకుండా ఎలా పక్కకి తిప్పాలో చేసి చూపించింది.

అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో అప్పట్లో పనిచేసిన జాన్ మెక్‌నైట్, జాన్ క్రెట్జ్‌మన్ అనే ఇద్దరు 1993లోనే ఈ పద్ధతి గురించి రాశారని తర్వాత తెలిసింది. లోపాలే లెక్కపెడుతూ పోతే ఆ పేట జనానికి కూడా తమవల్ల ఏదీ కాదనిపిస్తుందని వాళ్ల వాదన. వదినకి చెబితే "దీనికి అంత చదువెందుకు" అంది.

ఎలక్ట్రీషియన్ కుర్రాడు మాత్రం పేరు రాయొద్దన్నాడు, రాస్తే రోజూ ఫ్రీగా పిలుస్తారని వాడి టెన్షన్. న్యాయమే. అందుకే ఏది ఊరికే చేస్తారో, దేనికి డబ్బులివ్వాలో, ఏ టైంలో పిలవొచ్చో కూడా పక్కనే రాశాం, అప్పుడు ఒప్పుకున్నాడు.

బుడమేరు గట్లు మా నోట్‌బుక్‌తో బాగుపడవు, అది ప్రభుత్వం పని, అడుగుతూనే ఉన్నాం. మళ్లీ నీళ్లొస్తే ఎవరు ఎవరి మేడ మీదికి వెళ్లాలో మాత్రం తేల్చుకున్నాం. చివరింటి తాతగారిని ఎత్తుకెళ్లడానికి ఇద్దరు కుర్రాళ్లు ముందుకొచ్చారు గానీ ఒకడిది నైట్ డ్యూటీ, వాడి బదులు ఇంకొకణ్ణి చూడాలి.