మాల్కమ్, క్యాలమ్: రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు

స్కాట్లాండ్‌లో బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా జననాన్ని నమోదు చేయించాలి. మన ఇళ్లలో బారసాల పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో చేస్తారు కనుక ఆ గడువు మాకు కొత్తగా అనిపించలేదు. గ్లాస్గోలో పుట్టిన మా అబ్బాయికి మామగారి పేరు పెట్టాలని ఇంట్లో అందరికీ ఉండేది. అంత పొడవైన పేరు ఇక్కడివారి నోరు తిరగదేమోనన్న జంకు కూడా అందరికీ ఉండేది. తెలిసిన తెలుగు కుటుంబాలవారు రెండు వైపులా చెల్లే పేర్లు చెప్పారు. వాటిలో నీల్ అనే పేరు మళ్లీ మళ్లీ వినిపించింది. మన చెవికి అది నీలవర్ణాన్ని గుర్తుచేసే సంస్కృత పదం. ఇక్కడివారికి, స్కాట్లాండ్ పాత భాషల్లో ఒకటైన గేలిక్‌లోని నియల్ అనే పేరు నుంచి వచ్చిన రూపం. దాని గురించి చదువుతూ పోగా మాల్కమ్, క్యాలమ్ అనే జంట పేర్ల చరిత్ర తారసపడింది. పిల్లల పేర్ల గురించి నేను ఆలోచించే తీరును ఆ చరిత్ర మార్చివేసింది.

ఈ రెండు పేర్లకూ మూలపురుషుడు ఒక్కడే. 521 ప్రాంతంలో ఐర్లాండులో పుట్టి, 563లో స్కాట్లాండ్ పశ్చిమతీరంలోని అయోనా అనే చిన్న ద్వీపానికి వచ్చి, అక్కడ మఠం స్థాపించి 597లో మరణించిన సాధువు కొలంబ. లాటిన్‌లో ఆ మాటకు పావురం అని అర్థం. స్కాట్లాండ్ గేలిక్‌లో ఆ పేరే క్యాలమ్ అయింది. మాల్కమ్ మాత్రం రెండు మాటల కలయిక. 'మాయిల్ కొలుమ్' అనే పాత రూపంలో మొదటి మాటకు గుండు చేయించుకున్నవాడు అని, దాని మీదుగా భక్తుడు, సేవకుడు అని అర్థాలు ఏర్పడ్డాయి. అంటే మాల్కమ్ కొలంబకు తలనీలాలిచ్చిన దాసుడన్నమాట. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించుకున్న మా పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు ఇంకేమీ వివరించవలసిన అవసరం రాలేదు.

సాధువు పేరును నేరుగా పెట్టుకోకుండా ఆయన సేవకుడని పెట్టుకోవడంలో ఒక మర్యాద ఉంది. గిల్‌క్రిస్ట్ అంటే క్రీస్తు సేవకుడు, గిలెస్పీ అంటే బిషప్పు సేవకుడు. గేలిక్ మాట్లాడేవారు ఏసుక్రీస్తు తల్లిని 'మొయిర' అంటారు. మామూలు ఆడపిల్లలకు మాత్రం అదే పేరును 'మారి' అనే వేరే రూపంలో పెడతారు. మామగారి పేరును నోటితో పలకని కోడళ్లున్న ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలిగా వచ్చిన నాకు ఈ జాగ్రత్త ఎంతో దగ్గరిదిగా తోచింది. తాతగారి పేరు మోసే మనవణ్ణి తల్లి 'చంటీ' అనో 'బుజ్జీ' అనో పిలవడం మన దగ్గర ఆ మర్యాదలోంచి పుట్టినదే. నేను మా అబ్బాయిని చంటీ అనే పిలుస్తాను.

స్కాట్లాండ్‌ను మాల్కమ్ పేరుగల రాజులు నలుగురు పాలించారు. వారిలో మూడో మాల్కమ్ సంసారాన్ని పరదేశంలో పిల్లలను పెంచే తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. 1058 నుంచి 1093 వరకు ఏలిన ఈ గేలిక్ రాజు, హంగరీలో ప్రవాసంలో ఉన్న ఇంగ్లండు రాజవంశంలో పుట్టి, ఫ్రాన్సు నుంచి నార్మన్లు ఇంగ్లండు మీదికి దండెత్తి వచ్చిన తరువాత స్కాట్లాండ్ చేరిన మార్గరెట్‌ను వివాహం చేసుకున్నాడు. చర్చి సభల్లో రాణి మాటలను రాజే స్వయంగా అనువదించి చెప్పేవాడని ఆమె జీవితం రాసిన టుర్గో నమోదు చేశాడు. వారి ఆరుగురు కొడుకుల పేర్లు చూడండి: ఎడ్వర్డ్, ఎడ్మండ్, ఎథెల్‌రెడ్, ఎడ్గర్, అలెగ్జాండర్, డేవిడ్. మొదటి నాలుగూ తల్లి పూర్వీకులైన ఇంగ్లండు రాజుల పేర్లు. తండ్రి భాషకు చెందిన పేరు ఆ ఆరింటిలో ఒక్కటీ లేదు. ఆ ఇంటి నుంచి మాల్కమ్ అనే పేరు అక్కడితో వెళ్లిపోయిందని అప్పుడు ఎవరైనా అనుకొని ఉండవచ్చు. అయితే 1153లో సింహాసనమెక్కిన నాలుగో మాల్కమ్ ఈ దంపతులకు మునిమనవడు, చిన్న కొడుకు డేవిడ్‌కు మనవడు. ఒక తరంలో తప్పిపోయిన పేరును తరువాతి తరాలు మళ్లీ వెతికి తెచ్చుకున్నాయన్నమాట.

ఇక సామాన్యుల ఇళ్ల సంగతి. స్కాట్లాండ్‌లో చాలాకాలం పాటు పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు పెట్టే ఆచారం బలంగా ఉండేది. మన ఆచారానికి ఇంత దగ్గరిది నాకు మరే దేశంలోనూ కనిపించలేదు. ఫలితం కూడా మన పల్లెల్లో ఉన్నటువంటిదే. ఒకే ఊళ్లో అదే పేరు పదిమందికి ఉండేది కనుక 'ఇయాన్ కొడుకు క్యాలమ్' అనో 'ఎర్ర క్యాలమ్' అనో గుర్తులు పెట్టి చెప్పుకునేవారు. కాని ఇంటి వెలుపల ఆ క్యాలమ్ క్యాలమ్‌గా ఉండేవాడు కాదు. 1855లో ప్రభుత్వం జనన మరణాల నమోదును తప్పనిసరి చేసింది. 1872 విద్యాచట్టం బడులను ఊరూరికీ తెచ్చినా గేలిక్‌కు చోటివ్వలేదు. దస్తావేజుల భాష ఇంగ్లీషు. అందుచేత ఇంట్లో క్యాలమ్ అయినవాడు రిజిస్టరులో మాల్కమ్ అయ్యాడు, శేమస్ జేమ్స్ అయ్యాడు.

స్కై ద్వీపంలోని స్కాన్సర్ రేవు నుంచి పడవ ఎక్కి రాసే అనే ద్వీపానికి వెళితే దీనికి రాతి సాక్ష్యం దొరుకుతుంది. తన పల్లెకు దారి వేయమని అధికారులను ఏళ్ల తరబడి అడిగి విసిగిపోయిన క్యాలమ్ మెక్‌లౌడ్ అనే చిన్న రైతు, గునపం, పార, తోపుడుబండి పట్టుకొని బ్రోకెల్ నుంచి ఆర్నిష్ దాకా ఒకటీ ముప్పావు మైళ్ల బాటను ఒంటరిగా, సుమారు పదేళ్లపాటు శ్రమించి వేశాడు. ఆ దారిని నేటికీ 'క్యాలమ్ రోడ్డు' అంటారు. అక్కడి రాళ్లగుట్ట మీద బిగించిన ఫలకంలో మాత్రం దారి వేసినవాడి పేరు మాల్కమ్ మెక్‌లౌడ్ అని ఉంటుంది. మా అబ్బాయి దాన్ని చదివి, "రోడ్డు క్యాలమ్‌ది కదా, మరి ఈ మాల్కమ్ ఎవరమ్మా?" అని అడిగాడు. ఇద్దరూ ఒకరేనని చెబితే కాసేపు ఆలోచించి, "ఐతే నాలాగే ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి," అన్నాడు.

రెండు పేర్ల ఆదరణ ఆ తరువాత తారుమారైంది. మాల్కమ్ రెండో ప్రపంచయుద్ధానికి అటూ ఇటూ బ్రిటన్ అంతటా బాగా వాడుకలో ఉండి, క్రమంగా తాతల పేరుగా మిగిలిపోయింది. ఈనాడు పసిబిడ్డకు ఆ పేరు పెట్టేవారు అరుదు. అంతకుముందు గేలిక్ గడప దాటి పెద్దగా బయటికి రాని క్యాలమ్, 1990ల నాటికి ఇంగ్లండులో సైతం వాడుకలోకి వచ్చి, 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో స్కాట్లాండ్ మగపిల్లల పేర్లలో మొదటి పదింటిలో నిలిచింది. అప్పటి జోరు ఇప్పుడు లేకపోయినా, మా అబ్బాయి తోటివారిలో క్యాలమ్‌లు ఉన్నారు. అధికారులకు నచ్చిన రూపం వాడిపోయి, అమ్మలు పిలుచుకున్న రూపం అధికారిక పత్రాల్లోకి ఎక్కడం నాకెంతో సంతోషం కలిగించింది.

అయితే ఆ సంతోషాన్ని సగానికి తగ్గించే సంగతి ఒకటుంది. 1901 జనాభా లెక్కల్లో రెండు లక్షలకు పైగా ఉన్న గేలిక్ మాట్లాడేవారు 2011 నాటికి దాదాపు 57 వేలకు పడిపోయారు. భాష కుంచించుకుపోతూ ఉండగా పేరు మాత్రం విస్తరించింది. గేలిక్‌లో ఒక మనిషిని పిలిచేటప్పుడు పేరు మారుతుంది: క్యాలమ్‌ను కేకేస్తే గొంతులోంచి వచ్చే ఖకారంతో 'అ ఖాలిమ్' అవుతుంది, శేమస్‌ను పిలిస్తే 'అ హేమిష్' అవుతుంది. హేమిష్ అనే విడి పేరు ఆ పిలుపులోంచి వచ్చినదే. రాముడు పిలుపులో రామా అయినట్లే ఇదీ. నేటి క్యాలమ్‌లలో చాలామందిని ఆ విధంగా పిలిచేవారే ఇంట్లో లేరు. పరదేశంలో మన పిల్లలకు మన పేర్లు మిగులుతాయా అన్న దిగులు నాకు తగ్గిపోయింది, పేర్లు మిగులుతాయి. ఆ పేరు చివర దీర్ఘం తీసి, ఒరేయ్ అని ముందు చేర్చి, ఇటు రారా అని పిలిచే నోరు మిగులుతుందా అన్నదే ఇప్పుడు నా దిగులు. అందుకే మా ఇంట్లో పిల్లలను పిలవడం, కోప్పడటం, బుజ్జగించడం అన్నీ తెలుగులోనే సాగుతాయి. మావారు ఆఫీసు పనిలో మునిగి ఇంగ్లీషులో పిలిస్తే పిల్లలే పలకరు.

మా అబ్బాయిని బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో అసలు పేరు కింద, పిలిచే పేరు రాయమని మరో గడి కనిపించింది. ఆ గడిలో మొదటి రెండక్షరాలు మాత్రం రాసే అలవాటు ఇక్కడి మనవాళ్లలో ఉంది. చంటి అని రాయనా అని వాణ్ణే అడిగాను. అది ఇంట్లోవాళ్లదని, బడిలో తాతగారి పేరే ఉండాలని చెప్పాడు. కనుక రెండు గడుల్లోనూ మామగారి పేరునే పూర్తిగా రాసి, దాన్ని అక్షరాలుగా విడగొట్టిన చీటీ ఒకటి ఉపాధ్యాయురాలికి ఇచ్చాను. ఆమెది గేలిక్ పేరు. స్పెల్లింగు చూసి దాన్ని సరిగ్గా పలకడం బయటివారికి సాధ్యం కాదు. చీటీని చేతిలో పట్టుకొని, ఒత్తులు ఎక్కడ పడతాయో నన్ను అడిగి అడిగి సరిచేసుకొని, ఆ వారంలోనే మామగారి పేరును నాకంటే ధైర్యంగా పలకడం మొదలుపెట్టారు.