బల్ల దగ్గరికి పట్టుకెళ్ళిన స్టీలు గ్లాసు

అందరికీ వందనాలు. ఎప్పట్నుంచో రాద్దాం రాద్దాం అనుకుంటా వాయిదా వేస్తానే ఉన్నా, ఈరోజు వాన పడి పన్లేదు, కూర్చున్నా. మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు పని. బ్యారన్ (పచ్చి పొగాకుని వేడికి ఆరబెట్టే కొట్టం) కాల్చే రోజుల్లో రాత్రంతా మంట కాడే ఉండి కట్టెలు ఎగదోస్తా ఉండాలి, ఆ వేడికీ ఘాటుకీ దగ్గడం మాకు మామూలే, అందుకే 2025 జనవరిలో మొదలైన దగ్గుని నేనూ పట్టించుకోలా ఇంట్లోవాళ్ళూ పట్టించుకోలా. చూపించుకున్న డాక్టరు నెల రోజులు సిరప్ మీద సిరప్ మార్చాడు. ఈలోపు సాయంత్రమైతే సన్న జ్వరం, తెల్లారేసరికి బనియన్ పిండితే నీళ్ళు కారేంత చెమట, బెల్టుకి మేకుతో కొత్త బొక్క పొడిచా. ఒకరోజు ఉమ్మిలో ఎర్ర జీర కనపడింది, మా ఆవిడ ఇంకేం వినకుండా ఒంగోలు రిమ్స్ పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు. అప్పటికి 46 కిలోలున్నా.

ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన బిళ్ళలు, ఆ తర్వాత నాలుగు నెలలు అందులో ఒక మందు తగ్గుద్ది. నా బరువుకి రోజుకి మూడు బిళ్ళలు. మందులు ఫ్రీ, తిండికని నెలకి 1000 రూపాయలు బ్యాంకులో వేస్తారు (2024 నవంబరు దాకా 500 ఉండేదంట). మందు వల్ల ఒంటేలు ఎర్రగా వస్తదని చెప్పారంట, నా చెవికెక్కలా, మొదటిసారి చూసి ఇంక అయిపోయింది నా పని అనుకుని గోడ పట్టుకుని నిలబడిపోయా.

పాపకి నాలుగేళ్ళు. రాకుండా ఉండాలని దానికీ బిళ్ళలిచ్చారు, నేను పంచలో మంచం వేసుకున్నా. అది గడప కాడ నిలబడి "నాన్నా, లోపలికి ఎప్పుడొస్తావ్?" అని రోజూ అడిగేది.

అసలు చెప్పాలనుకుంది ఇది కాదు. సంఘంలో లేచి సాక్ష్యం చెప్పేవాళ్ళు అంటారు కదా, జబ్బులో దేవుడికి ఇంకా దగ్గరయ్యానని, నాకు అట్టా ఏం జరగలా. కళ్ళు మూసుకుంటే ప్రభువు కాదు, వడ్డీకిచ్చినాయన కనపడేవాడు. బైబిలు ఒళ్ళో పెట్టుకుని ఒకే వచనం మీద అరగంట కూర్చునేవాణ్ణి, ఒక్క ముక్క లోపలికి పోయేది కాదు. చేసిన ప్రార్థనంతా బేరమే, నన్ను లేపు, కానుక ఇస్తా, ఉపవాసముంటా.

ఒకరోజు నాయనమ్మ మంచం పక్కన కూర్చుని పాత కథే ఎత్తుకుంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో, ఒంగోల్లో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. ఆ కూలోళ్ళలో బాప్తిస్మం ఇయ్యమని అడిగినోళ్ళు చానామంది, ఆయన కరువు పని నడిచినన్నాళ్ళు ఇయ్యలేదు. గింజల కోసం వస్తన్నారో దేవుడి కోసం వస్తన్నారో తెలవాలని. అప్పుడు ఆగినోళ్ళకి 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి కాడ, ఒక్కరోజే 2222 మందికి ఇచ్చారు. ఇది చిన్నప్పట్నుంచీ వంద సార్లు విన్నా, మా సంఘంలో తెలియనోళ్ళు ఉండరు. కానీ ఆరోజు నాయనమ్మ "మరి నువ్వు దేనికోసం వస్తన్నావురా అబ్బాయ్" అంది. కోపం వచ్చింది నాకు, జబ్బు మనిషిని అడిగే మాటా అది? రాత్రంతా ఆ మాటే తిరిగింది బుర్రలో.

తర్వాత పెద్దగా మారిందేం లేదు. పొద్దున్నే పరగడుపున బిళ్ళలు మింగాక తిండికి ఇంకా టైముంటది, ఆ ఖాళీలో 42వ కీర్తనలో "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" అన్న ఒక్క మాటే అనుకునేవాణ్ణి, అంతే, ఇంకేం అడిగేవాణ్ణి కాదు. కొన్ని రోజులు వాంతి ఆపుకుంటా అనుకున్నా. కొన్ని రోజులు బిళ్ళ మింగడం గుర్తుండేది, కీర్తన మర్చిపోయేవాణ్ణి.

మధ్యలో ఒక తప్పు చేశా, చెప్పాలి. మూడో నెలలో బయట నుంచి వచ్చిన ఒక బ్రదర్ కూడికలో నా తల మీద చెయ్యి పెట్టి, స్వస్థత అయిపోయింది, ఇంకా బిళ్ళలు మింగితే అవిశ్వాసం అన్నాడు. దగ్గు తగ్గి ఒంట్లోకి కాస్త బలం వచ్చిన టైము, నమ్మాలనే ఉంది నాకు, పదకొండు రోజులు ఆపేశా. మళ్ళీ జ్వరం. మందులిచ్చే అమ్మాయి ఇంటికొచ్చి మామూలుగా తిట్టలా, మధ్యలో ఆపితే క్రిమి మొండిది అవుద్ది, అప్పుడు ఈ బిళ్ళలు పనిచెయ్యవు, పాప సంగతి ఆలోచించావా అని. పోయిన డోసులు చివర్లో కలిపి వాడించారు.

మా సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి పొయ్యి ఏడ్చా. ఆయన ప్రసంగం ఏం చెయ్యలా. "బైబిల్లో జబ్బుపడ్డ హిజ్కియా రాజుకి ఇంకో పదిహేనేళ్ళు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు కదా, మరి యెషయా ప్రవక్త ఏం చెప్పాడు, అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్లేదా? వెళ్ళి బిళ్ళ మింగు" అన్నాడు.

ఇక గ్లాసు సంగతి. మాది చిన్న సంఘం, ప్రభువు బల్లలో (యేసుని తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) రసం తాగడానికి అందరికీ ఒకటే గిన్నె. టీబీ గాలి వల్ల వస్తది గానీ గ్లాసుల వల్ల కాదని, మందు సరిగ్గా పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం పోద్దని ఆ అమ్మాయి చెప్పింది. నాకు తెలుసు, మనుషులకి తెలవదు కదా. గుళ్ళో నా పక్కన చోటు ఖాళీగా ఉండేది. అందుకే ఇంట్లో చిన్న స్టీలు గ్లాసు చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి, అయ్యగారు మారుమాట లేకుండా గిన్నెలోంచి అందులో పోసేవాడు.

కోర్సు అయిపోయి, తెమడలో క్రిమి లేదని రిపోర్ట్ వచ్చాక మొదటి బల్ల ఆదివారం. 53 కిలోలు. అలవాటు కొద్దీ వరసలో నిలబడి గ్లాసు తీశా. అయ్యగారు దానివంక చూసి "జేబులో పెట్టుకో అబ్బాయ్" అని గిన్నె నా చేతికిచ్చాడు. నా వెనకాల మా పక్కింటి పెద్దమ్మ ఉంది, నా పక్కన కూర్చోవడం మొదట మానేసింది ఆమే. నేను తాగి అందిస్తే అంచు కూడా తుడవకుండా తాగింది.