తొక్క మీద మచ్చ, ఓడరేవులో కంటైనర్

దక్షిణాఫ్రికా నారింజ రైతులకీ యూరోపియన్ యూనియన్‌కీ మధ్య పదేళ్లకు పైగా నడుస్తున్న తగాదా గురించి మన నిమ్మ, బత్తాయి రైతులకి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. తాజా నిమ్మజాతి పండ్ల ఎగుమతిలో స్పెయిన్ తర్వాత స్థానం దక్షిణాఫ్రికాదే. 2024లో 15 కిలోల పెట్టెల లెక్కన 16 కోట్ల పైచిలుకు పంపారు, అందులో దాదాపు మూడో వంతు యూరప్‌కే. ఇంత పెద్ద వ్యాపారం కూడా ఒక చిన్న మచ్చ దగ్గర ఆగిపోతోంది.

ఆ మచ్చ పేరు సిట్రస్ బ్లాక్ స్పాట్, బూజు జాతి తెగులు. అంచు ముదురు గోధుమ రంగులో ఉంటుంది, మధ్యలో గుంటపడి బూడిద రంగుకి తిరుగుతుంది, దగ్గరగా చూస్తే అందులో సూదిమొనంత నల్ల చుక్కలు కనిపిస్తాయి. తొక్క దాటి లోపలికి పోదు, పండు తింటే ఏమీ కాదు. కానీ ఆ మచ్చలున్న సరుకు ఎక్కువగా పట్టుబడిందని 2013 సీజన్ చివర్లో యూరప్ దిగుమతి తాత్కాలికంగా ఆపేసింది. దక్షిణాఫ్రికా వాళ్లేమంటారంటే, గాలికి దూరం పోయే బీజాలు చెట్టు కింద కుళ్లే ఆకుల్లోనే తయారవుతాయి, కాయ మీద ఉన్నవి నీటి చుక్కలతో పక్కకి చిందుతాయంతే, కాబట్టి షాపులో అమ్మే పండు నుంచి తోటకి తెగులు ఎలా పాకుతుందని. యూరప్ ఒప్పుకోలేదు. 2019లో ఇదే తెగులు ట్యునీషియాలో బయటపడటంతో స్పెయిన్ లాంటి మధ్యధరా సముద్ర తీర దేశాల వాతావరణంలో అది బతకదన్న దక్షిణాఫ్రికా వాదన బలహీనపడింది కూడా. స్పెయిన్ రైతు భయాన్ని నేను కొట్టిపారేయను, తోట పోతే వాడికీ బతుకు పోయినట్టే.

నాకు అన్యాయం అనిపించేది 2022లో జరిగింది. ఫాల్స్ కాడ్లింగ్ మాత్ అని కాయ లోపల తొలిచే పురుగు ఉంది. దానికోసం యూరప్ జూన్‌లో కొత్త నియమం తెచ్చి, జులైలోనే అమల్లో పెట్టింది. నారింజల్ని ముందు 5 డిగ్రీలకి చల్లబరిచి, ఆ తర్వాత ఇంకా తక్కువ చలిలో వారాల తరబడి ఉంచాలి. అప్పటికే సరుకు సముద్రం మీద ఉంది! పాత పద్ధతిలో సర్టిఫికెట్ తీసుకుని బయల్దేరిన కంటైనర్లు యూరప్ రేవుల్లో వందల కొద్దీ ఇరుక్కుపోయాయి. కోసిన పండు ఆగదు, కంటైనర్ అద్దె, కరెంటు ఖర్చు ఆగవు. నియమం మంచిదే అనుకుందాం, కానీ ఓడ ఎక్కిన సరుకుకి నిన్న మొన్నటి నియమం వర్తింపజేయడం ఏం పద్ధతి? పెద్ద కంపెనీ ఎలాగో తట్టుకుంటుంది, పది ఇరవై ఎకరాల వాడు మునుగుతాడు.

దక్షిణాఫ్రికా డబ్ల్యూటీఓకి, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్లింది, పురుగు మీద 2022లో, మచ్చ మీద 2024లో. మొక్కల ఆరోగ్యం పేరుతో పెట్టే ఆంక్షలకి శాస్త్రీయ ఆధారం ఉండాలని అక్కడి ఒప్పందం చెబుతుంది. అయితే 2019 చివరి నుంచి డబ్ల్యూటీఓలో అప్పీలు వినడానికి సరిపడా సభ్యులే లేరు. గెలిచినా, ఓడినవాళ్లు అప్పీలుకి పోతే కేసు అక్కడే ఆగిపోవచ్చు.

తెగుళ్లే కాదు, సుంకాల దెబ్బ కూడా ఉంది. 2025 ఆగస్టులో అమెరికా దక్షిణాఫ్రికా సరుకు మీద 30 శాతం వేసింది, నవంబరులో నారింజలకి మినహాయించింది. మన పక్కనే నాగపూర్ కమలాలనే చూడండి. బంగ్లాదేశ్ 2019లో కిలోకి 20 టాకాలున్న దిగుమతి సుంకాన్ని 2023 నాటికి 88కి పెంచింది. విదర్భ రైతుకి నమ్మకమైన మార్కెట్ చేజారింది.

ఇక మనకి వస్తే, గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ తోటల్లో గజ్జి తెగులు ఎవరికి తెలియదు? వానల్లో ఆకు మీద పసుపు వలయంతో మొదలై, కాయ మీద బెరడులా గరుకుగా లేచే మచ్చ. లోకల్ యార్డులో దానికి రేటు తగ్గుతుందంతే, యూరప్‌కి పంపాలంటే అసలు గేటు దాటదు, వాళ్ల జాబితాలో అది నిషిద్ధ తెగులు. అందుకే ఎగుమతులు పెంచుతాం అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది నర్సరీ గురించి. గజ్జి లేని అంట్లు ఎక్కడ దొరుకుతాయి, తోటని ఎవరు నమోదు చేస్తారు, కోతకి ముందు తనిఖీకి ఎవరు వస్తారు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? వీటికి జవాబు చెప్పకుండా రైతుకి విదేశీ ధరలు చూపించి ఆశపెట్టొద్దు.