పేరు చెరపడానికి నాలుగు రోజులు: ఆర్కిటెక్చర్ పోటీకి ఎంట్రీ పంపిన నా అనుభవం

నిన్న సాయంత్రం 7 గంటల 10 నిమిషాలకి ‘మీ ఎంట్రీ అందింది’ అని మెయిల్ వచ్చింది. రెండు ఏ1 షీట్లు, 250 మాటల రాత, ఒక డిక్లరేషన్ ఫారం. ప్రైజు సంగతి జ్యూరీ చూసుకుంటుంది. ఇట్లాంటి పోటీల్లో ఏ షీటు ఎవరిదో జ్యూరీకి తెలియకూడదు. పోయిన ఏడాది ఇదే పోటీలో మా షీట్లు జ్యూరీ బల్ల దాకా పోనేలేదు. ‘ఫైల్లో పోటీదారు గుర్తింపు కనబడింది, ఎంట్రీ రద్దు’ అని రెండు లైన్లు రాసి చేతులు దులుపుకున్నారు. కట్టిన ఫీజు గోవిందా. తిరుపతిలో ఉంటూ ఆ మాట అంత చేదుగా ఎప్పుడూ అనుకోలేదు.

ఈసారి గండం గడిచింది కాబట్టి వేడి మీదే రాసేస్తున్నా. పగలు ఇంటి ప్లాన్లు, రాత్రి పోటీ షీట్లు గీసుకునే చిన్న ఆఫీసులవాళ్ళకి పనికొస్తుంది.

రిజిస్ట్రేషన్ పది నిమిషాల పని. టీములో ఉన్న అందరి పేర్లూ అప్పుడే వేసేయండి, తర్వాత కలపమంటే చాలా చోట్ల కలపరు. మోడల్ కోసి అతికించిన పిల్లోడి పేరు, స్ట్రక్చర్ చూసిన ఇంజనీరు పేరు వదిలేసి సర్టిఫికెట్టు పట్టుకొని ఒక్కరే ఫొటోకి నిలబడే పెద్దమనుషులు మన దగ్గరా ఉన్నారు. మా షీటు వెనక ఐదుగురం ఉన్నాం, రిజిస్ట్రేషన్లో ఐదు పేర్లూ వేసినాం.

ఏ పోటీకి పంపాలన్నది ముందే తేల్చుకోవాలి. ఆగా ఖాన్ అవార్డు లాంటిది (1977లో పెట్టారు, మూడేళ్ళకో విడత) నామినేషన్ల మీద నడుస్తుంది. షార్ట్‌లిస్టులోకి వచ్చిన కట్టడాన్ని నిపుణులు స్థలానికే వచ్చి చూసి రిపోర్టు రాస్తారు. కట్టేసిన బిల్డింగులకి ఇచ్చే అవార్డులకైతే ఓనరు సమ్మతి పత్రం, ఫొటోలు తీసినాయన అనుమతి పత్రం లేకుండా మొదలుపెట్టొద్దు. గృహప్రవేశం అయ్యాక ఓనరు దగ్గర సంతకం తేవడం ఫైనల్ బిల్లు వసూలు చేసినంత కష్టం, కాబట్టి ఆ రెండూ ఒకే రోజు పెట్టుకోండి. డిజైన్ అవార్డుల్లో ఇంకో తిరకాసు ఉంది: ఎంట్రీ ఫీజు కాకుండా, గెలిస్తే ప్రదర్శనకీ ఇయర్‌బుక్కుకీ ట్రోఫీకీ వేరే ఫీజు కట్టమనేవి ఉన్నాయి. దాచరు, నిబంధనల్లోనే రాసి ఉంటుంది, మనమే చదవం. అట్లాంటి చోట ఓడినవాడికే ఖర్చు తక్కువ.

హక్కుల పేరా కూడా అంతే. ‘పంపిన పని మొత్తం నిర్వాహకులదే’ అని ఉంటే నేనైతే పక్కన పెట్టేస్తా. ప్రదర్శనకి, ప్రచురణకి వాడుకుంటాం అంటే సరే. మన 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షను ప్రకారం హక్కులు రాసివ్వడం కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో చెప్పకపోతే ఐదేళ్ళు, ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశం వరకే. విదేశీ పోటీ నిబంధనల్లో వాళ్ళ దేశపు చట్టం వర్తిస్తుందని ఉంటుంది కాబట్టి దీన్నే నమ్ముకొని కూర్చోవద్దు. కుర్చీలు, దీపాలు చేసేవాళ్ళకి ఇంకో జాగ్రత్త: డిజైన్ల చట్టం (2000) కింద రిజిస్టరు చేసే ఉద్దేశం ఉంటే పోటీకి పంపకముందే అప్లికేషన్ పెట్టాలి. ఒకసారి బయట ప్రచురితమైతే కొత్తదనం పోయినట్టే.

ఫీజు కట్టడానికి అరపూట పట్టింది. 2020లో ఆర్‌బీఐ తెచ్చిన నియమం వల్ల కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపు ఆఫ్ చేసే ఇస్తారు. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, లిమిటు కూడా పెట్టాలి. ఆన్ చేసి లిమిటు సున్నా వదిలేస్తే మళ్ళీ తిరగ్గొడుతుంది, మాకు జరిగింది అదే. రూపే కార్డు చాలా విదేశీ సైట్లు తీసుకోవు. పైగా విదేశీ డబ్బులోకి మార్చినందుకు బ్యాంకు మార్కప్ అని సాధారణంగా 2 నుంచి 3.5 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ. 100 యూరోల ఫీజుకి 3.5 శాతమైతే మూడున్నర యూరోలు, దానిపై పన్ను 0.63 యూరో. ఆ పని అయ్యాక విదేశీ చెల్లింపు మళ్ళీ ఆఫ్ చేయడం మరవొద్దు.

ఇక అసలు విషయం, పేరు.

ఆర్కిటెక్చర్ పోటీల్లో పేరు దాచడం ఇప్పటి మాట కాదు. అంతర్జాతీయ పోటీలకి యునెస్కో 1956లో నియమాలు చేసింది, 1978లో సవరించింది. వాటిని నడిపించేది ఆర్కిటెక్టుల అంతర్జాతీయ సంఘం యూఐఏ. ఆ పోటీల్లో జ్యూరీ తీర్పు అయ్యేదాకా ఏ షీటు ఎవరిదో తెలియకూడదు. మన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ మార్గదర్శకాల్లోనూ ఇది ఉంది. పాత రోజుల్లో కోడ్ రాసిన డ్రాయింగులు ఒక ప్యాకెట్టు, పేర్లున్న కాగితం సీలు వేసిన కవరు. తీర్పు తర్వాతే కవరు చించేవారు. ఇప్పుడు ఆ కవరు పని వెబ్‌సైటు చేస్తుంది. చిక్కేమిటంటే, పీడీఎఫ్‌కి కడుపులో ఇంకో కవరు ఉంటుంది.

మనకి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే రోజూ చేసే పని దీనికి పూర్తిగా ఎదురు. ఏపీడీపీఎంఎస్‌లో (మన రాష్ట్రంలో బిల్డింగు ప్లాన్ల అనుమతికి ఉన్న ఆన్‌లైన్ సైటు) ప్లాను పెట్టాలంటే మన వివరాలు, రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా అడుగు ముందుకు పడదు. ఆఫీసు పేరు, వివరాలు ఉండే టైటిల్ బ్లాకు టెంప్లేటులోనే ఉంటుంది, చేయి అలవాటుగా దాన్నే తెరుస్తుంది.

పోయినేడు షీట్ల మీద పేరు లేదు, లోగో లేదు. ఫైలు పేరు కూడా కోడే. మరి గుర్తింపు ఎక్కడ కనబడిందని రాస్తే ఆటోమేటిక్ జవాబు, ఇంకోసారి రాస్తే ‘నిర్ణయం మారదు’. ఎక్కడుందో ఒక్క మాట చెబితే వాళ్ళ సొమ్మేం పోయేది? ‘ఇంగ్లీషు సరిగా రాయలేదేమో’ అని సలహా ఇచ్చిన మిత్రులూ ఉన్నారు. నాలుగు రోజులు పట్టింది వెతకడానికి.

దొరికిన చోటు ఇది. ఉచితంగా దొరికే అక్రోబాట్ రీడర్‌లో ఫైలు తెరిచి కంట్రోల్ డీ కొట్టండి. టైటిల్, ఆథర్ అని గడులు వస్తాయి. మా ఫైల్లో ఆథర్ గడిలో మా ఇంటిపేరు, పక్కనే అసోసియేట్స్. నేను టైపు చేయలేదు. ఆటోక్యాడ్ నుంచి పీడీఎఫ్ ప్లాట్ చేస్తే విండోస్ లాగిన్ పేరు ఆ గడిలోకి ఎక్కేస్తుంది. ఆ లాగిన్ పేరు ఎవరు పెట్టారని కంప్యూటరు వేసిన కుర్రాడిని అడిగితే, ‘నేనే సామీ, గుర్తుగా ఉంటుందని పెట్టినా’ అన్నాడు. నిజమే, ఆ గుర్తును లండన్ టైములో కూర్చున్నవాళ్ళు కూడా పట్టేసినారు.

అది చూశాక మిగతా ఫైలంతా దులిపినాం. ఇంకో మూడు చోట్ల మేమే ఉన్నాం.

మొదటిది ఫొటో. అప్పటి ప్రాజెక్టు దామలచెరువు మామిడి మండీకి నీడ. తోతాపురి లోడుతో ఎండలో నిలబడిన ట్రాక్టర్ల ఫొటోలో మూలన మా చిన్నాయన కమిషన్ దుకాణం బోర్డు పడింది, మా ఇంటిపేరుతో సహా. షీట్లో ఆ మూల కత్తిరించే ఉంది. కానీ షీట్లు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ నుంచి చేసిన ఎగుమతిలో ‘క్రాప్ ఇమేజ్ డేటా టు ఫ్రేమ్స్’ దగ్గర టిక్ తీసేసి ఉంది. టిక్ లేకపోతే కనబడని భాగం కూడా ఫైల్లోకి పోతుంది, ఇల్లస్ట్రేటర్‌లో తెరిచి ఫ్రేము లాగితే బోర్డు మొత్తం చదవచ్చు.

రెండోది సెక్షను డ్రాయింగు, అంటే కట్టడాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ. ఇల్లస్ట్రేటర్‌లో పీడీఎఫ్ సేవ్ చేసేటప్పుడు ‘ప్రిజర్వ్ ఇల్లస్ట్రేటర్ ఎడిటింగ్ కేపబిలిటీస్’ టిక్ ఉంటే మూల ఫైలు మొత్తం లోపల దాక్కుంటుంది. ఆర్ట్‌బోర్డు బయట పడేసిన టైటిల్ బ్లాకు కూడా అందులోనే ఉండిపోయింది. టిక్ తీస్తే సైజు కూడా బాగా తగ్గుతుంది.

మూడోది సిగ్గుచేటు. కింద వరసలో పేరు మీద తెల్ల పెట్టె కప్పినాడు మా పిల్లోడు. కంటికి కనబడదు. కంట్రోల్ ఎఫ్ కొట్టి ఇంటిపేరు వెతికితే పసుపు రంగులో టక్కున వెలిగింది.

ఈసారి చేసింది ఇదీ. పోటీ పని కోసం కంప్యూటర్లో వేరే యూజరు, దాని పేరు ‘ఏ’. షీట్లన్నీ అందులోనే ఎగుమతి. ఫొటోలకి ముందే విండోస్‌లో కుడి క్లిక్కు, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అడుగున ‘రిమూవ్ ప్రాపర్టీస్’. కెమెరాలో ఓనరు పేరు, ఫోన్లో జీపీఎస్ రెండూ పోతాయి. చివరి పీడీఎఫ్‌ని అక్రోబాట్ ప్రోలో రిడాక్ట్ కింద ఉండే ‘శానిటైజ్ డాక్యుమెంట్’తో కడిగినాం. ప్రో లేనివాళ్ళు ఫైల్లో దాగిన వివరాలు మార్చే ఎగ్జిఫ్‌టూల్ వాడతారు, అక్కడే ఒక గుంట ఉంది. ఎగ్జిఫ్‌టూల్ పీడీఎఫ్‌లో పాత వివరాలను నిజంగా తీసేయదు, చివర కొత్త ముక్క అతికిస్తుంది. పాతది వెనక్కి రప్పించవచ్చు. అందుకని దాని తర్వాత క్యూపీడీఎఫ్ అనే ఇంకో టూల్‌తో ఫైలుని లీనియరైజ్ చేసి, అంటే మొదటినుంచి తిరగరాయాలి. ఆ తర్వాత మళ్ళీ కంట్రోల్ డీ, మళ్ళీ కంట్రోల్ ఎఫ్: ఇంటిపేరు, ఆఫీసు పేరు, ఫోన్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, నాలుగూ.

వీడియో లింకు అడిగే పోటీలుంటాయి. మన యూట్యూబ్ ఛానల్లో పెడితే కింద మన పేరే ఉంటుంది, డ్రైవ్ లింకు ఇస్తే ఓనరు కనబడతాడు. షీటు మీద క్యూఆర్ కోడ్ అయితే అసలే వద్దు.

షీట్ల సంగతి క్లుప్తంగా. ఏ1 అంటే 594 బై 841 మిల్లీమీటర్లు. జ్యూరీ మొదటి విడత స్క్రీను మీదే చూస్తుంది కాబట్టి రంగులు ఆర్‌జీబీలో ఉంచండి. ప్రింటింగ్ అలవాటు కొద్దీ సీఎంవైకేలో పంపితే ఆకుపచ్చలు పాలిపోతాయి. ఏ1ని ఏ3 మీద తీసి చూడండి, పొడవూ వెడల్పూ సరిగ్గా సగమవుతాయి. 18 పాయింట్ల అక్షరం 9 అవుతుంది. ఆ ఏ3ని చేయి చాచినంత దూరంలో పట్టుకొని చదవలేకపోతే అక్షరం చిన్నదే. స్కేలు ‘1:200’ అని రాయడం కంటే స్కేలు బారు గీయడం మేలు, షీటు ఎంత కుదిస్తే బారూ అంతే చిన్నదవుతుంది. ఊళ్ళో ఫ్లెక్సీ కొట్టే షాపులు బోలెడు, వాటిలో సన్నగీతలు తేలవు. ఇంజనీరింగ్ ప్లాన్లు తీసే ప్లాటరు ఉన్న జిరాక్సు షాపుకే పోండి.

ఫైలు పది ఎంబీకి లోపల ఉండాలన్నారు. ‘స్మాలెస్ట్ ఫైల్ సైజ్’ అనే రెడీమేడ్ సెట్టింగు నొక్కితే బొమ్మలు 100 పీపీఐకి (అంగుళానికి 100 పిక్సెళ్ళు) పడిపోయి ఇటుకలన్నీ మట్టి ముద్దవుతాయి. బొమ్మలు 150 పీపీఐకి మీరే దించండి, ఏ1 మొత్తానికి అది 3508 బై 4967 పిక్సెళ్ళు. అప్పటికీ బరువుంటే అసలు దొంగ హ్యాచింగు (సన్నగీతలతో నింపిన భాగం), లేదా 3డీ మోడళ్ళు చేసే స్కెచప్ నుంచి వచ్చిన చెట్లు. ఒక్కో చెట్టులో వేల గీతలుంటాయి. ఆ చెట్ల పొర ఒక్కటే బొమ్మగా మార్చి, గోడలూ కొలతలూ గీతలుగానే ఉంచితే మా షీటు 23 ఎంబీ నుంచి 9.4కి దిగింది.

తెలుగు హెడ్డింగు పెట్టేవాళ్ళు ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్ ఎంచుకోండి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. అనూ ఫాంట్లతో చేసి ఎంబెడ్ చేయకపోతే అవతల ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనబడుతుంది, అవుట్‌లైన్ చేసేయడమే దారి. 250 మాటల్లో మొదటి 40 మాటలే చదువుతారనుకొని రాయండి. స్థలం ఏది, ఇబ్బంది ఏది, మీరేం చేశారు. ‘ప్రకృతితో మమేకం’ అని మొదలుపెట్టినవి ఇప్పటికే వందలు చదివి ఉంటారు.

ప్రశ్నలకి జవాబుల పత్రం వదిలేయొద్దు. గడువుకి నెల ముందు అందరి ప్రశ్నలకీ కలిపి ఒక పీడీఎఫ్ వేస్తారు. అది నిబంధనల్లో భాగమే. మాది అడ్డం షీట్లు కాదు, నిలువు షీట్లు అని అందులోనే ఉంది.

గడువు లండన్ టైము రాత్రి 11:59 అంటే మనకి ఎండాకాలంలో తెల్లవారి 4:29, చలికాలంలో 5:29. న్యూయార్క్ అయితే మర్నాడు పొద్దున 9:29 లేదా 10:29. చివరి గంటలో సైటు మొరాయిస్తుంది, అందుకని ముందురోజు సాయంత్రమే ఎక్కించినాం. ఎక్కించాక అదే పేజీ నుంచి ఫైలు వెనక్కి దింపుకొని తెరవండి. పేజీలు రెండేనా, నిలువుగానే ఉన్నాయా, ఆథర్ గడి ఖాళీయేనా.

300 డీపీఐ ఫైళ్ళు పక్కన పెట్టుకోండి, షార్ట్‌లిస్టు అయితే రెండు మూడు రోజుల గడువుతో అడుగుతారు. ఫలితాలు వచ్చేదాకా షీట్లు ఎక్కడా పెట్టకూడదన్నది కూడా నిబంధనే. ఇన్‌స్టాలో స్టోరీ పెట్టబోయిన మా పిల్లోడి చేతిలోంచి ఫోను లాక్కున్నా. ఈసారి గీసింది ఏమిటో, పోటీ ఏదో ఇక్కడ రాయకపోవడానికీ కారణం అదే.