చీకటి దగ్గరే ఆగిపోయిన కీర్తన

కఫం పరీక్షలో టీబీ అని తేలాక విశాఖ మల్కాపురంలోని మా ఇంటి వెనక గది నాదైపోయింది. కంచం వేరు, గ్లాసు వేరు. టీబీ గాలి ద్వారా అంటుతుంది గానీ కంచాల ద్వారా కాదని ఎంత చెప్పినా ఎవరి భయం వాళ్లది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అనేది ఒకటి ఉంటుంది, దానివల్ల మూత్రం నారింజ రంగులో వచ్చేది. మొదటిరోజు రక్తమేమోనని వణికిపోయాను. రాత్రిళ్లు దగ్గుతో నిద్ర పట్టక పోర్టులో ఓడల హారన్లు వింటూ పడుకునేదాన్ని.

చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి "విశ్వాసముంటే స్వస్థత వస్తుంది" అని వెళ్లిపోయేవారు. నాకేమో ప్రార్థనే వచ్చేది కాదు. దేవుడి మీద కోపం వచ్చేది.

మా చర్చి సంఘంలో ఒక పెద్దమ్మ మాత్రం మాస్కు పెట్టుకుని లోపలికొచ్చింది. కిటికీ తలుపులు బార్లా తీసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "పార్థన రాకపోతే ఏటైందమ్మా, ఇది సదువు" అని బైబిల్లో 88వ కీర్తన తీసిచ్చింది. చివరి వచనానికి నా గొంతు పూడుకుపోయింది: "చీకటియే నాకు బంధువర్గమాయెను." కీర్తన అక్కడితో అయిపోయింది.

13వ కీర్తన కూడా "ఎన్నాళ్లవరకు" అనే ఏడుపుతోనే మొదలవుతుంది, కానీ ఆరో వచనానికల్లా పాటలో పడుతుంది. విలాప కీర్తనలు చాలావరకు అంతే. 88వది మాత్రం అలా పాటవైపు తిరగదు. రాసినవాడిగా హేమాను పేరున్న ఈ మొరను దేవుడు తన గ్రంథంలో అలాగే ఉంచాడు. అయితే నా కోపంతో సహా నేను ఆయన దగ్గరికి పోవచ్చన్నమాట! పైగా అంత బాధలో ఉన్న ఆ మనిషి మొదట్లోనే దేవుణ్ణి తన రక్షణకర్త అని పిలిచాడు.

సిలువ మీద యేసు ప్రభువు కేక వేసిందీ ఒక విలాప కీర్తన మాటలతోనే, 22వది: "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" నాకంటే ముందే ఆయన ఆ చీకట్లోకి వెళ్లాడు, మూడో రోజున లేచాడు. దగ్గు తగ్గినా తగ్గకపోయినా నా నిరీక్షణకు ఆధారం అదే.

మందులు మాత్రం ఒక్కపూట కూడా మానలేదు. మొదటి 2 నెలలు నాలుగు రకాలు, తర్వాత 4 నెలలు మూడు. కడుపులో తిప్పినా మింగాను. కోర్సు పూర్తయ్యాక నయమైందన్నారు.

ఇప్పుడు మా సంఘంలో ఎవరు మంచాన పడినా ఆ పెద్దమ్మతో కలిసి వెళ్తాను. వాళ్లకు ప్రార్థన రాకపోతే 88వ కీర్తన చదువుతాం. లేచేముందు మందు వేసుకున్నారా అని అడుగుతాం.